పెద్ద వాచీ, చిన్న వాచీ

ఫొటో పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. ముందు నల్లటి పట్టీ వచ్చింది, తర్వాత ఒక బటన్, తర్వాత తెర పై అంచు. అక్కడ ఆగిపోయింది. సెలవు రోజున బస్సెక్కి కొత్తగూడెం నెట్ సెంటర్‌కు వచ్చి నేను చూస్తున్నది ఒక చేతి గడియారాన్ని. అదీ సగమే.

"మేడమ్, మౌస్‌ను గట్ల కొడితే జల్దీ రాదు," అన్నాడు సెంటర్ నడిపే ఆయన.

"మీ నెట్‌ను కొట్టలేక మౌస్‌ను కొడుతున్నా," అన్నాను.

అది మామూలు గడియారం కాదు. పైన తిరిగే ఉపగ్రహాలను పట్టుకుని, మనం ఎంత దూరం పరిగెత్తామో, ఎంత వేగంతో పరిగెత్తామో మణికట్టు మీదే చూపిస్తుంది. మన ఊళ్లలో ఏ దుకాణంలోనూ అప్పటికి దొరికేది కాదు. దుబాయిలో దొరికేది. దుబాయిలో అతను ఉన్నాడు.

అతను అంటే నాకు మాట ఇచ్చిన మనిషి. వాళ్లది ఇల్లందు. నాన్న బొగ్గు గనిలో పనిచేసి చనిపోయారు, అమ్మ ఉంది. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉన్న మిషన్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చాను. ఆసుపత్రి జీపు నడిపే ఆయన అతనికి చిన్నాయన. సంబంధం తెచ్చింది ఆయనే. మా నాన్న ఒప్పుకున్నది మాత్రం అతని ఉద్యోగం చూసి. "పనున్న పిల్లగానికే నా బిడ్డను ఇస్త," అని ముందే చెప్పేశారు. అందులో దాచిపెట్టింది ఏమీ లేదు.

చూపులకు అతను సెలవు మీద వచ్చినప్పుడు, నీకు ఏం ఇష్టమని అడిగాడు. కాలేజీలో అయిదు వేల మీటర్లు పరిగెత్తేదాన్ని అన్నాను. అతను నవ్వి, గని ఆటల పోటీల్లో తనూ పరిగెత్తేవాడినన్నాడు. పెళ్లి కాకముందు ఇద్దరూ కలిసి తిరగడం వాళ్లింట్లో కుదరదు. పరిగెత్తడం తిరగడం కిందికి రాదని వాళ్ల అమ్మను ఎలా ఒప్పించాడో తెలియదు. అతను చిన్నాయన క్వార్టర్‌లో దిగాడు. ఆ సెలవు ఉన్నన్నాళ్లు పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెట్టి ఫారెస్టు చెక్‌పోస్టు దాకా వెళ్లి వచ్చేవాళ్లం. వెనకాల చిన్నాయన మోపెడ్ మీద కాపలా.

"అమ్మాయ్, జర నిమ్మళంగ ఉరుకు. నా బండి సుత అంత స్పీడు పోదు," అని అరిచేవాడు ఆయన.

"మీ అబ్బాయిని అడగండి మామయ్యా, ఆయనే వెనకబడుతున్నాడు," అనేదాన్ని నేను గర్వంగా.

రోజూ నేనే గెలిచేదాన్ని. చెక్‌పోస్టు గేటును ముందు నేను తాకేదాన్ని, అతను ఆయాసపడుతూ వచ్చి పక్కన వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకునేవాడు. మాట్లాడుకున్నది తక్కువ. మాట్లాడాలంటే ఊపిరి ఉండాలి, ఊపిరి ఉన్నప్పుడు మోపెడ్ దగ్గరికి వచ్చేసేది. అయినా చెప్పులు విప్పగానే జతగా సర్దిపెట్టే అతని అలవాటు, తుమ్మితే వరసగా తుమ్మడం, బొగ్గు లారీ ఎదురొస్తే నన్ను లోపలి వైపుకు మార్చి తను రోడ్డు వైపుకు రావడం, ఇవన్నీ నాకు తెలుసు. 

అతను వెళ్లిపోయాక మా పరుగు ఫోన్లలోకి మారింది. ఫోన్ నా చేతిలో లేకుండా నన్ను ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. రక్తం తీసేటప్పుడు మాత్రం కోటు జేబులో ఉంటుంది, అదీ వణికితే తెలిసేటట్టు. ఇక్కడ నేను పరుగు మొదలుపెడితే అతనికి ఒక మిస్డ్ కాల్. అక్కడ ఇంకా చీకటే అయినా అతను లేచి బూట్లు వేసుకుని తిరిగి ఒకటి ఇచ్చేవాడు. పరుగు అయిపోయాక మళ్లీ ఒకటి. ఎవరూ ఎత్తకూడదు. పొరపాటున ఎత్తితే ఆ రోజంతా నా కోపం. చెక్‌పోస్టుకు సగం దూరం వెళ్లేసరికి టేకు చెట్ల మధ్య సిగ్నల్ పోయేది. అక్కడి నుంచి అతను పరిగెడుతున్నాడో, పడుకున్నాడో, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడో నాకు తెలిసే దారి లేదు. ఆ సగం దారి నాకు చాలా పొడుగ్గా ఉండేది.

ఒకరోజు అతనే ఈ వాచీల సంగతి ఎత్తాడు. ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, అబ్బాయి వాళ్లు అమ్మాయి చేతికి గడియారం పెట్టడం వాళ్లింట్లో ఆనవాయితీ. గుడిలో, అంటే చర్చిలో, అందరి ముందు. అత్తమ్మ చేతికి వాళ్ల అత్తగారు పెట్టిందట, బంగారు రంగు గొలుసు వాచీ. ఎలాగూ పెట్టేదే కదా, నీకు పనికొచ్చేది పెడతానని అతను రెండు పేర్లు మెసేజ్‌లో పంపాడు. అందుకే నెట్ సెంటర్.

రెండూ చూశాను. పెద్దది అగ్గిపెట్టెను మణికట్టుకు కట్టుకున్నట్టు ఉంది. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టడానికి ఛాతీకి చుట్టుకునే పట్టీ ఒకటి దానితో వస్తుంది. చార్జింగ్ సాయంత్రం దాకా నిలవదు. కానీ అందులో ఒకటుంది. తెర మీద ఇద్దరు బుల్లి మనుషులు. ఒకరు మనం. రెండోవాడికి మనం వేగం పెడితే పక్కనే పరిగెడతాడు. లేదంటే ఎవరైనా అదే వాచీతో ముందు పరిగెత్తిన పరుగును దాచుకుని, దానితోనే పందెం వేసుకోవచ్చు.

చిన్నది కొత్త మోడల్. సన్నగా, గుండ్రంగా, అచ్చం గడియారంలా ఉంది. డ్యూటీకి పెట్టుకోవచ్చు, చీర మీదికి పెట్టుకోవచ్చు, గుడికి వెళ్లొచ్చు. దూరం, వేగం చూపిస్తుంది. పక్కన పరిగెత్తే మనిషి లేడు.

సాధనకు పెద్దది. రోజంతా పెట్టుకోవడానికి చిన్నది. సికింద్రాబాద్‌లో ఉంటే వెంటనే తేల్చేసేదాన్ని. ఇక్కడ ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న కల్వర్టు గోడ మీద కూర్చుని వారం ఆలోచించాను. ఫోన్‌కు రెండు గీతల సిగ్నల్ వచ్చే చోటు అదొక్కటే.

"ఏది కావాలో చెప్పవే," అన్నాడు అతను, ఫోన్ కార్డు కొని కాల్ చేసిన రోజు.

"నువ్వే చెప్పు."

"పెద్దదైతే మా రూమ్మేట్‌తోని పంపుత. ఆయనది కారేపల్లి, వచ్చే వారం వస్తుండు. చిన్నది ఇంకా దుకాణంల దిగలె. ఈస్టర్ నాటికి వస్తదంట. అదైతే నేనే తెస్త. గుళ్లె నేనే పెడత నీ చేతికి."

"అయితే చిన్నదే."

అటు నుంచి ఏదో మిషన్ చప్పుడు వినపడింది.

"చిన్నదేనా?"

"అవ్, చిన్నదే. ఏంది, తెచ్చుడు బరువైతదా నీకు?"

"బరువేం లేదు," అన్నాడు. "సరే మరి. వస్త."

ఆ "వస్త" పట్టుకుని మూడు రోజులు గాల్లో ఉన్నాను. మలేరియా స్లైడ్లు చూస్తూ పాట పాడుతున్నానని సిస్టర్ తిట్టింది. నాలుగో రోజు శాంపిళ్లు తీసుకుని జీపులో కొత్తగూడెం వెళ్తుంటే చిన్నాయన ఎప్పుడూ లేనిది రేడియో కట్టేశాడు.

"కారేపల్లి పిల్లగాడు సెలవు మీద వస్తలేడమ్మా. మొత్తానికే వస్తుండు. అక్కడ బిల్డింగుల సైట్లు బందయితున్నయంట. సెలవు మీద పోయినోళ్లను మళ్ల పిలుస్తలేరంట."

"మరి ఈయన?"

"పోకుంట ఉన్నోళ్లను ఉంచుతుండ్రంట. కదిలితే కష్టం. నీకు చెప్పలేదా వాడు?"

అతను వస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మా నాన్న మాట మారుతుంది. జీపు దిగి శాంపిళ్లు ఇచ్చానో లేదో గుర్తులేదు. తిరిగి రాగానే కల్వర్టు దగ్గరికి నడిచాను. మిస్డ్ కాల్ కాదు, అసలు కాలే చేశాను. అతను కట్ చేసి తనే చేశాడు.

"చిన్న వాచీ తెస్తే నిన్ను మళ్ల పోనిస్తరా?" అన్నాను.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తే ఏంది? పోనిస్తరా?"

"పోనియ్యరు కావచ్చు."

"మరి నాకు చెప్పవా? వాచీ అడుగుతున్నవు, పెద్దదా చిన్నదా, రంగేందని! ఇట్ల అడుగుతరా ఎవరన్నా?"

"ఇంకెట్ల అడగాలె? రానా, వద్దా అంటే నువ్వు రా అంటవు. నువ్వు రా అంటే నేను ఆగ. గంతే. ఇప్పుడు సుత రా అను, వస్త. టికెట్ రేపే తీస్త," అన్నాడు.

రా అనే మాట నా నోట్లోనే ఉంది. ఒక్క అక్షరం. ఎదురుగా లారీ ఒకటి వెదురు వేసుకుని పోయింది, దాని దుమ్ము కూర్చునేదాకా చూస్తూ ఉన్నాను. కార్డులో అతని పైసలు కరుగుతూనే ఉన్నాయి.

"పెద్దదే పంపు," అని పెట్టేశాను. అతను వెంటనే మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎత్తితే ఏమంటానో నాకే నమ్మకం లేదు. ఫోన్‌ను కల్వర్టు గోడ కింద గడ్డిలోకి విసిరి, మళ్లీ నేనే దిగి వెతుక్కున్నాను.

ప్రధానం ఈస్టర్ తర్వాత ఇల్లందు గుడిలో అతను లేకుండానే జరిగింది. వాయిదా వేద్దామని మా నాన్న అన్నారు. వద్దన్నది నేనే. వాయిదా వేస్తే ఆ లోపల ఉద్యోగాల సంగతి మా బంధువుల చెవిన పడుతుందని నా భయం. అతని తరఫున వాళ్ల అమ్మ నిలబడింది. కారేపల్లి ఆయన తెచ్చిన డబ్బా అప్పటిదాకా ఆమె బీరువాలోనే ఉంది, నాకు చూపించలేదు. చూపిస్తే ఆనవాయితీ పోతుందట.

ప్రార్థన అయ్యాక ఆమె డబ్బా తెరిచింది. గుడిలో ముందు వరసల వాళ్లు మెడలు చాపారు. నల్లటి ఆ పెద్ద ముద్దను తీసి నా చేతికి పెడుతూ, "వీనికి కండ్లు కనవడలేదా దుకాణంల? గొలుసు సుత లేదు," అని నాకు మాత్రమే వినపడేటట్టు గొణిగింది. పట్టీ ఆఖరి చిల్లు పెట్టినా గాజుల మీద వదులుగానే వేలాడింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆమె డబ్బాలోంచి గుండె పట్టీ కూడా తీసింది. సాగే గుడ్డ, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా పట్టుచీర మీద, నడుము చుట్టూ వేసి వెనక కొక్కెం పెట్టేసింది. బిళ్లను సరిగ్గా బొడ్డు మీదికి జరిపి, ముడతలు సర్ది, వెనక్కి తగ్గి చూసుకుంది.

పాస్టరు గారు కళ్లద్దాలు దించి చూశారు. "ఇదేందమ్మా?"

"వడ్డాణం అయ్యగారూ. దుబాయిల గిట్లనే ఉంటయంట. సాగుతది, చూడుండ్రి," అని లాగి వదిలింది. టప్‌మని నా నడుముకు తగిలింది.

మా అత్తయ్యలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా నాన్న నేల చూశారు. ఇంకెప్పుడైనా అయితే నేను విప్పి ఆమె చేతిలో పెట్టేసేదాన్ని. కానీ ఆమె మొహంలో ఎంత సంతోషం అంటే, గొలుసు లేని వాచీ పంపిన కొడుకు మొత్తానికి ఒక నగ కూడా పంపాడన్న సంతోషం, నేను ఆ పట్టీతోనే ఫొటోలకు నిలబడ్డాను, ఆ పట్టీతోనే భోజనం చేశాను. బంతిలో ఒకామె వచ్చి ఎంత తూకమని అడిగింది. అతనికి ఫోన్‌లో చెప్తే నవ్వి నవ్వి దగ్గాడు. ఆ నవ్వు ఆగాక, "ఫొటోల నా జాగ ఏడుంది?" అన్నాడు చివరికి. "మీ అమ్మకు, నాకు నడుమ," అన్నాను. నిజంగానే అక్కడ కొంచెం ఖాళీ వచ్చింది ఆ ఫొటోలో.

ఆసుపత్రి హాస్టల్‌లో నా గదికి వచ్చాక వాచీ బటన్లన్నీ నొక్కి చూశాను. అందులో ఒక పరుగు ఉంది. పంపే ముందు అతను అక్కడ పరిగెత్తి, చెరపకుండా ఉంచాడు. చెక్‌పోస్టు దాకా వెళ్లి వచ్చేంత దూరం, అంతే కొలిచి. నాతో ముందు చెప్పలేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి ఉపగ్రహాలు దొరికేదాకా చెయ్యి ఆకాశానికి పెట్టి, ఆ పరుగుతో పందెం పెట్టుకుని మొదలుపెట్టాను. తెర మీద అతను, నేను. మొదటి మలుపు దాటకముందే అతను ముందుకు వెళ్లిపోయాడు. వాచీ తప్పు చూపిస్తోందనుకున్నాను. వేగం పెంచాను. ఊపిరి అందడం లేదు, అయినా అతను దూరమవుతూనే ఉన్నాడు. టేకు చెట్లు దగ్గరపడ్డ చోట ఉపగ్రహాలు పోయాయి. నేను పరిగెడుతున్నా వాచీ లెక్కలో నేను ఆగిపోయినట్టే. అతను మాత్రం ఆగలేదు.

చెక్‌పోస్టు గేటు పట్టుకుని నిలబడితే అప్పుడు అర్థమైంది. అంత వేగంగా పరిగెత్తగలిగే మనిషి, ఆ సెలవు రోజులన్నీ నా వెనకాల ఆయాసపడ్డాడు. కోపం వచ్చింది. ఫోన్ చేసి తిడదామంటే అక్కడ గీతల్లేవు. వెనక్కి నడుస్తూ కల్వర్టు చేరేసరికి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"రోజూ ఎందుకు ఓడినవ్?" అని మాత్రం అడిగాను.

"ముందు ఉరికితే నువ్వు కనవడవు కదనే," అన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ అతనితోనే పరిగెత్తాను. ఎండలు ముదిరాయి, తునికాకు కట్టలు రోడ్డు పక్కన ఆరాయి. తేడా కొంచెం కొంచెం తగ్గుతోంది. రెండోవాడి వేగాన్ని తగ్గించి నా పక్కన పెట్టుకోవచ్చని తెలుసు, ఆ బటన్ ఎక్కడుందో కూడా తెలుసు. అది అతని పరుగు. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

వానలకు ముందు ఒక పొద్దున చాలా దగ్గరికి వచ్చాను. మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగా తాడు. అటొకరు, ఇటొకరు ఆడవాళ్లు పట్టుకుని, ఇంకో పది మంది చేతులు కలుపుకుని ఆడుతున్నారు. పక్క గూడెం వాళ్లు. భూమి పండుగకు మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు ఇట్లా దారి ఆపి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ పైసలు అడుగుతారు. బస్సునైనా ఆపుతారు. నాకు ఇది మొదటిసారి.

"తాడు తీయండి! నాకు టైం పోతుంది!" అని అరిచాను.

"టైం పోతే పోనియ్యమ్మా, నువ్వైతే ఈడనే ఉన్నవు," అంది తాడు పట్టుకున్నామె. నన్ను గుర్తుపట్టింది. "ఓ, దవాఖానాల వేలు పొడిచే సిస్టరే! మస్తు పొడిచినవు మమ్మల్ని. ఇప్పుడు దొరికినవు. పైసలియ్యి."

"పరిగెత్తేటప్పుడు పైసలు ఎవరు తెచ్చుకుంటారు?"

"అయితే ఆడు."

"నాకు రాదు."

"సూది పొడుసుడు పుట్టంగనే వచ్చిందా?" అని ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. తెర చూస్తే అతను వెళ్లిపోతున్నాడు. ఒక్కో అడుగుకు దూరం పెరుగుతోంది, బొమ్మ తెర అంచుకు చేరింది.

"ఎవరమ్మా గా డబ్బాల?" అంది పెద్దామె నా భుజం మీంచి చూస్తూ.

"నన్ను చేసుకునేటాయన."

"ఏడికి ఉరుకుతుండు నిన్ను ఇడిసిపెట్టి?"

ఎందుకో ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. ఆమె కంగారుపడి, "అయ్యో, తాడు దించుండ్రి, దించుండ్రి, పోనియ్యి, పట్టుకుంటది," అని అరిచింది. తాడు దించారు. నేను పోలేదు. వాళ్లతో కలిసి తప్పుటడుగులు వేస్తూ ఒక చుట్టు ఆడి, ఆ పక్కనే ఉన్న రాయి మీద కూర్చున్నాను. దూరం లెక్కన వాచీలో అతను చెక్‌పోస్టు తాకి, వెనక్కి తిరిగి, నన్ను దాటి, గేటు దాకా వెళ్లి ఆగిపోయాడు. నువ్వు ఓడిపోయావని వాచీ కూత పెట్టింది.

ఇప్పుడు మళ్లీ వానలు మొదలయ్యాయి. అతని ఉద్యోగం ఉంది. సెలవు సంగతి ఇంకా తేలలేదు. డిసెంబరు అంటారు, మళ్లీ చూద్దామంటారు. పెద్ద వాచీని నేను రోజంతా పెట్టుకునే తిరుగుతున్నాను. చేతి తొడుగు దాని మీదికి ఎక్కదు, ల్యాబులో విప్పి పక్కన పెట్టాలి. తడిస్తే పట్టీ కింద దురద పెడుతుంది. రోజువారీకి ఇంతకంటే పనికిరాని గడియారం ఉండదు. మధ్యాహ్నం భోజనం వేళకు మైక్రోస్కోప్ ప్లగ్గు తీసి దాన్ని చార్జింగ్‌కు పెడతాను, లేకపోతే సాయంత్రానికి తెర ఖాళీ అవుతుంది. సాయంత్రానికి అది నడుస్తూ ఉండాలి.

ఎందుకంటే అతను దాన్ని దుబాయి టైంలో పెట్టి పంపాడు. నేను మార్చలేదు. వార్డులో ఎవరైనా టైం అడిగితే గంటన్నర కలిపి చెప్తాను. కలపడం మరిచిపోయి ఒకసారి చిన్నాయన చేత భద్రాచలం బస్సు తప్పించాను కూడా. ఈ సంగతి ఆయన వాళ్ల వదినకు, అంటే అత్తమ్మకు, చాడీ చెప్పాడు. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆ మర్నాడు దీపాలు పెట్టే వేళకు మాత్రం ఇల్లందు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. కల్వర్టు మీద గొడుగు పట్టుకుని ఎత్తుతాను.

"బిడ్డా, ఆడ ఎంతయింది?"

చెయ్యి తిప్పి చూస్తాను. "ఆరు కావస్తుంది అత్తమ్మా."

"డ్యూటీ దిగిండా మరి?"

"దిగి ఉంటడు. బస్సుల ఉంటడు."

"అన్నం?"

"పోయి వండుకోవాలె."

"ఎండ ఉందా ఇంకా ఆడ?"

"అది దీంట్ల కనిపించదు అత్తమ్మా."

"అవ్ మరి," అంటుంది. ఫోన్ పెట్టేయదు. నేనూ పెట్టేయను. వాళ్లింటి రేకుల మీద వాన చప్పుడు నాకు, నా గొడుగు మీద వాన చప్పుడు ఆమెకు వినపడుతూ ఉంటాయి. తెర మీద నిమిషాల అంకె మారుతుంది.

"ఇప్పుడు?" అంటుంది.